రెండు దేశాల మధ్య స్టీలు డబ్బా

నేను వంట చేసే ఇంట్లో వంటగది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. కింద ఉల్లిపాయ వేగితే పైగదిలో ఉన్న సార్‌కి తెలిసేది. పైన సార్ ఫోన్లో నవ్వితే కింద నాకు వినపడేది. ఒక సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి ఆ తలుపు మూసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్తే మేడమ్ ఒక్కతే నిలబడి ఫ్రిజ్‌లోకి చూస్తోంది. నన్ను చూసి, "గాలికి పడింది తలుపు" అంది. ఆ రోజు బయట ఆకు కదలడం లేదు. అడగని దానికి జవాబు చెప్పే మనిషిని ఒక కంట కనిపెట్టి ఉండాలని మా అమ్మ అనేది. ఆ ఇంట్లో నా మొదటి అనుమానం అక్కడ పుట్టింది.

సార్ అంటే ఒక యూరప్ దేశానికి సింగపూర్‌లో రాయబారి. ఆ దేశం పేరు రాయను. ఎవరు చదువుతారో, చదివి ఏమనుకుంటారో ఇప్పటికీ నాకు తెలియదు. చిన్న దేశం, చలి దేశం అని మాత్రం చెబుతాను. దాని పక్కనే ఇంకో దేశం. రెండింటి మధ్య ఒక నది పారుతుందట. ఆ పక్క దేశపు రాయబారి ఇల్లు కూడా మా సార్ ఇంటికి దగ్గరే, అదే మిట్ట మీద, వెనక వీధిలో. అక్కడ వంట చేసేది మా ఆయన చెల్లెలు, నా ఆడపడుచు. మేమిద్దరం కంటితో చూడని ఆ దేశాలను "మా దేశం", "మీ దేశం" అని చెప్పుకునేవాళ్ళం. "మీ దేశమోళ్ళు కారం ముట్టరేటి వదినా!" అనేది ఆమె. "మీ దేశం వాళ్ళు ముట్టుకుంటారు, తినరు. అది ఇంకా పాపం" అనేదాన్ని నేను.

మేం మలేషియా కొబ్బరి తోటల్లో పుట్టినవాళ్ళం. మా తాతలు విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చారు. తోట బడిలో నాలుగో తరగతి వరకు చదివాను. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. పెళ్ళయ్యాక మా ఆయన పని కోసం ఇటు దిగాం, చోవా చూ కాంగ్‌లో ఫ్లాటు తీసుకున్నాం, ఇక్కడి మనుషులమే అయిపోయాం. ఆడపడుచు సంగతి వేరు. భర్త పోయాక, కూతురు ఎదిగాక, ఆలస్యంగా వచ్చింది. ఆమెది ఇంకా మలేషియా పాస్‌పోర్టే. జురాంగ్ ఈస్ట్ నుంచి రెండు స్టేషన్ల అవతల ఒక గది అద్దెకు తీసుకుని కూతురికి నర్సు చదువు చెప్పిస్తోంది. ఆమె పని పాసు ఆ రాయబారి ఇంటి మీద ఉంది. ఆ ఇల్లు వద్దంటే పాసు పోతుంది, పాసు పోతే వంతెన దాటి వెనక్కి మలేషియాకి వెళ్ళాలి. అవతల ఆమె కోసం వెలిగే పొయ్యి ఒక్కటీ లేదు.

ఆ పని కుదిర్చింది మా మేడమే. అప్పట్లో రెండిళ్ళకీ మంచి స్నేహం. శనివారం సాయంత్రాలు ఇద్దరు సార్లూ మా వరండాలో పేకాడేవాళ్ళు, ఇద్దరు మేడములూ మొక్కల గురించి మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళ వంటమనిషి మానేసిందంటే మా మేడమ్ నన్నడిగింది, నేను ఆడపడుచుని చూపించాను. అంతే.

ఇక డబ్బా. మా వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. ఒకరింటి నుంచి గిన్నెలో ఏదైనా వస్తే, ఆ గిన్నె ఖాళీగా వెనక్కి పోకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి పంపాలి. ఖాళీ గిన్నె పంపడమంటే నీకూ నాకూ ఇక చెల్లు అని చెప్పడమే. అందువల్ల మా ఇద్దరి మధ్య తిరిగే స్టీలు డబ్బాకి విశ్రాంతి ఉండేది కాదు. ఆమె రొయ్యల పచ్చడి పెట్టి ఇచ్చేది, నేను గారెలు పెట్టి ఇచ్చేదాన్ని, ఆమె దాన్ని నువ్వులుండలతో తెచ్చేది. మధ్యాహ్నం రెండిళ్ళలోనూ పని సద్దుమణిగాక మా వెనక గేటు దగ్గరికి వచ్చి, గడియ తియ్యకుండానే కమ్మీల మీదుగా అందించేది. అది మొదట ఎవరి డబ్బానో ఇద్దరం మరిచిపోయాం.

ఆ సోమవారం తరవాత టీవీలో తెలిసింది సంగతి. ఒక దేశం తన దగ్గరున్న రెండో దేశపు ఆఫీసు మనుషుల్ని కొందరిని, వీళ్ళు గూఢచారులని చెప్పి, ఇళ్ళకు పంపేసింది. రెండో దేశం ఊరుకుంటుందా? అదీ అంతమందిని పంపేసింది. వాళ్ళొక మాటంటే వీళ్ళొక మాట. ఈ లెక్క నాకు తెలిసిందే. మా గిన్నెలు తిరిగినట్టే తిరుగుతోంది, కాకపోతే వాళ్ళు తిట్లు నింపి పంపుకుంటున్నారు అనుకున్నాను. అప్పుడు నవ్వొచ్చింది కూడా.

నవ్వు ఎక్కువ రోజులు లేదు. మా సార్ ఇంటికి ఆయన దేశం నుంచే ఒక కొత్తాయన వచ్చాడు. కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండే మనిషి. అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడుండదు. చారు పొంగుతోందని నేను వెనక్కి తిరిగితే అక్కడే నిలబడి ఉండేవాడు. ఆయన వచ్చాక పేకాట బల్ల మడిచి గోడకు ఆనించారు. పనివాళ్ళ ఫోన్లు పొద్దున్నే ఒక బుట్టలో వేయాలి, సాయంత్రం తీసుకోవాలి. వెనక గేటుకి తాళం, అటు ఎవరూ వెళ్ళకూడదు. తోటపని చేసే ఆయన్ని కొత్త మొక్క ఎందుకు నాటావని అడిగాడు. మందారం ఎందుకు నాటతారు? పూలకి.

నన్నూ అడిగాడు. మేడమ్ పక్కనే ఉంది.

"వేరే రాయబారుల ఇళ్ళలో నీ చుట్టాలు ఎవరైనా పని చేస్తున్నారా?"

నేను నోరు తెరిచేలోపల మేడమ్ అందుకుంది. "ఈమె చుట్టాలంతా మలేషియాలో."

ఆమె మొహం వైపు చూశాను. ఎంత తేలిగ్గా చెప్పిందో! ఆడపడుచుని ఆ ఇంట్లో పెట్టించింది తనే. అది బయటపడితే తన మెడకు చుట్టుకుంటుందని అలా చెప్పిందనుకున్నాను. ఆయన వెళ్ళాక నా భుజం మీద చెయ్యి వేసి, "నీకు కంగారెందుకు, నేనున్నానుగా" అంది. ఎవరైనా "నేనున్నాను" అంటే ధైర్యం రావాలి. నాకు రాలేదు.

సరిగ్గా అప్పుడు డబ్బా నా దగ్గర ఉండిపోయింది. ఆడపడుచు పెట్టిన రొయ్యల పచ్చడి తినేశాం, డబ్బా కడిగి బోర్లించాను. వెనక్కి ఇవ్వాలి. ఏం పెట్టి ఇవ్వాలా అనుకుంటుంటే, మేడమ్ ఫ్రిజ్‌లోంచి ఒక పొట్లం తీసి నాకిచ్చింది. "ఇంటికి తీసుకెళ్ళు. ఇక్కడ ఉంటే పాడైపోతుంది."

అది పొగబెట్టిన చేప. ఆ రెండు దేశాల మధ్య నదిలోనే దొరుకుతుందట. ఆ చేప మాదంటే మాదని వాళ్ళకి పాత తగవు. మా సార్ వాళ్ళ దేశపు పండగ రోజున ఇంట్లో పెద్ద విందు ఉంటుంది. ఆ విందుకే ఆ చేప విమానంలో వస్తుంది, మిగతా రోజుల్లో దాన్ని ఎవరూ ముట్టరు.

"మరి విందుకి?" అన్నాను.

"వేరే వస్తుంది" అంది, కళ్ళు ఫ్రిజ్ వైపు తిప్పుకుని.

మూసిన తలుపును చూసి అనుమానపడ్డ దాన్ని, ఈ మాట దగ్గర అనుమానపడలేదు. చేతిలో చేప ఉంటే మనిషికి బుర్ర పనిచేయదు.

ఇంటికి తెచ్చి పళ్ళెంలో పెట్టాను. మా ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు.

"ఇది పచ్చిదా, ఉడికిందా?"

"పొగ పెట్టిందండీ. అలాగే తింటారట."

"పొగ పెడితే దోమలు పోతాయి, చేప ఉడుకుద్దా? నాకొద్దు. చారు పోయ్."

మా అమ్మాయి ఒక ముక్క నోట్లో వేసుకుని, "నాట్ బ్యాడ్ లా. కానీ ఇంత చాలు" అని ఇక్కడి యాసలో అనేసి లేచిపోయింది. ఆడపడుచుకి నీళ్ళలో ఈదేది ఏదైనా ప్రాణం. మిగిలిందంతా డబ్బాలో పెట్టి మూత బిగించాను. గేటు దగ్గర ఇవ్వడానికి లేదు కాబట్టి సాయంత్రం జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో కలుద్దామని ఫోన్ చేశాను.

రైళ్ళు మారే స్టేషన్ అది. జనం ఒక మెట్ల మీద దిగి ఇంకో మెట్ల మీద ఎక్కుతూనే ఉంటారు. ఒక స్తంభం పక్కన నిలబడి ఉంది ఆడపడుచు. నన్ను చూసి చెయ్యి ఊపలేదు, చూపు పక్కకి తిప్పుకుంది.

"ఏటి, నన్ను ఎరగనట్టు నిలబడ్డావు?" అన్నాను.

"మెల్లిగా మాటాడు వదినా. మా ఇంట్లోకీ ఒకడొచ్చాడు. మీవాళ్ళతో ఎవరైనా మాటాడితే ఊరుకోరట. అటు సూడు, ఆ తెల్లాయన. ఇందాకట్నుంచీ మనవైపే సూస్తన్నాడు."

చూశాను. పొట్టి లాగు, చేతిలో పిల్లల బండి. నేనూ డబ్బాని వెనక్కి దాచుకున్నాను. అంతలో ఒకామె పిల్లని ఎత్తుకుని వచ్చింది, ఆయన పిల్లని బండిలో కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయాడు.

"చంటిపిల్లని కూడా తెచ్చాడు, మనల్ని పట్టుకోడానికి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. డబ్బా చేతులు మారింది. ఆ పూట ఏం మాట్లాడుకున్నామో ఈ రోజుకీ పొల్లుపోకుండా చెప్పగలను. ఆమె కూతురి మోకాలి నొప్పి, మా ఆయన దగ్గు, చింతపండు ధర. సార్ల గురించి ఒక్క మాట లేదు.

రెండు రోజులు తిరిగేసరికి టీవీలో వచ్చింది. పక్క దేశం ఇక్కడున్న తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంటోందట. అది చూసి మా ఇల్లు ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. పిడుగు పడ్డట్టయింది. ఎందుకంటే మా సార్‌ని కూడా పిలిపిస్తున్నారట, ఆ కబురు ఇంకో రెండు రోజుల్లో మావాళ్ళు ముందుగా చెప్పాలనుకున్నారట. మొగుడూ పెళ్ళాల తగవులో ముందు అలిగి గడప దాటినవాళ్ళది పైచేయి. వెనక వెళ్ళినవాళ్ళు వాళ్ళని చూసి వెళ్ళినట్టే ఉంటుంది. దేశాలకీ అంతేనట. మావాళ్ళ పైచేయి కాస్తా పోయింది. మా సార్ వెళ్ళిపోతున్న సంగతి వెనక వీధి ఇంటికి ముందే ఎలా తెలిసింది?

సార్ ఎన్నడూ వంటగదిలోకి వచ్చిన మనిషి కాదు. ఆ పొద్దున వచ్చి, తనే గ్లాసు తీసుకుని, తనే నీళ్ళు పట్టుకుని, తాగినంతసేపూ నా వైపే చూశాడు. గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ వెనకే కొత్తాయన వచ్చి అడిగిందే అడిగాడు. "పై గదిలో మాటలు నీకు వినపడతాయా? మా భాష నీకు తెలుసా? నీ ఫోన్ నువ్వు కాకుండా ఎవరు వాడతారు?" తెలియదు, తెలియదు, ఎవరూ వాడరు. ఏ తప్పూ చేయకపోయినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నట్టే ఉంది నా పని. డ్రైవరు అంకుల్‌ని పిలిచి నాకంటే ఎక్కువసేపు అడిగారు. మర్నాటి నుంచి ఆయన్ని ఇంటి కారు మీంచి తీసి ఆఫీసు బండికి మార్చారు. ఆయన నాతో మాట్లాడ్డం మానేశాడు. నేనే ఏదో చెప్పానని ఆయన అనుమానం.

నా అనుమానం ఎవరి మీద? నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, ఆడపడుచు మీద. తోటలో ఉన్నప్పటి నుంచి ఎరుగుదును ఆమెని. ఒకరింట్లో తిరగమోత ఘుమ ఇంకో ఇంట్లో చెప్పకపోతే నిద్రపట్టని మనిషి. నేను మాట్లాడినది చింతపండు గురించే అయినా, నా మొహం చూసి ఏం కనిపెట్టిందో, దానికి ఏం కలిపి చెప్పిందో. ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అనలేదు పెద్దలు. ఈ ఆలోచనతోనే సాయంత్రం ఇల్లు చేరాను. కాళ్ళు కడుక్కునేలోపల తలుపు దబదబా కొట్టింది ఆ ఆడపడుచే.

చెప్పులు కూడా విప్పలేదు. "ఆ డబ్బాలో ఏటి పెట్టినావు వదినా?"

"చేప. తిన్నావుగా."

"సేప ఒక్కటేనా? సేప కింద ఏటుంది?"

"చేప కింద డబ్బా అడుగు ఉంది."

"నవ్వులాటగా ఉందా నీకు? డబ్బా పట్టుకుపోనారు! సేతులకి తొడుగులేసుకుని, పామును పట్టినట్టు పట్టుకుపోనారు. మిగిలిన ముక్కలు ఎక్కడికో పరీక్షకి పంపినారంట. నన్ను పనికి రావొద్దన్నారు. పిలిస్తేనే రావాలంట. పిలవకపోతే నా పాసు గతేటి? పిల్ల సదువు గతేటి?"

మా ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు. "ముందు కూకోయే."

"నువ్వు మాటాడకన్నా. పెళ్ళాం వైపే మాటాడతావు."

"నేనింకా నోరే విప్పలేదే!"

"అదే. నోరు విప్పకుండా ఆ వైపున్నావు."

పాపం, ఆయన అడకత్తెరలో పోకచెక్కలా సోఫా మూలకి ఒదిగిపోయాడు. నేనూ ఊరుకోలేదు. "నన్ను అడిగావు సరే. నువ్వేం చెప్పావు అక్కడ? మా సార్ వెళ్ళిపోతున్నాడని మీ ఇంటికి ముందే ఎలా తెలిసింది?"

"మీ సార్ ఎల్లిపోతాడని నువ్వు సెప్తే గదా నాకు తెలిసేది!"

"నాకే తెలిస్తే గదా నీకు చెప్పేది!"

మా అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది. "వెయిట్, వెయిట్. నీకూ తెలీదు, అత్తకీ తెలీదు. మరి లీక్ ఎవరు చేశారు లా? అత్తా, నువ్వు ఆ డబ్బా ఎక్కడ తెరిచావు?"

"ఎక్కడేటి, వంటింట్లో. అన్నంలోకి తెరిసినాను. మా మేడమ్ మంచినీళ్ళకొచ్చింది. సూసి ఆగిపోనాది. ఇదెక్కడిదంది. మా వదినిచ్చిందన్నాను. ఒక ముక్క సేత్తో తీసి వాసన సూసింది. 'ఇది వాళ్ళ పండగ చేప. పండగ ఇంకా రాలేదే!' అంది. తిననూలేదు, పెట్టనూలేదు. ముక్క సేతిలో పట్టుకునే గబగబా మెట్లెక్కి పైకి పోనాది, సార్ దగ్గరికి."

పండగ విందు ఉంటే ఆ చేప వంటమనిషి ఇంటికి రాదు. విందు లేదంటే విందు ఇచ్చే మనిషి ఉండడు. ఇద్దరం నోరు మెదపకుండానే డబ్బా చెప్పేసింది. డబ్బా ఖాళీగా పంపకూడదన్న మా వాళ్ళ పట్టింపు, చలిదేశాల పెద్దమనుషుల పరువు మీదికి తెచ్చింది.

"అలామాక్!" అంది మా అమ్మాయి, అయ్యబాబోయ్ అన్నట్టు నుదురు కొట్టుకుని.

"నేను అప్పుడే చెప్పాను, ఆ చేప పచ్చిదని" అన్నాడు మా ఆయన.

నాకు నవ్వు పొంగుకొచ్చింది. ఆడపడుచు నవ్వలేదు. నా మొహంలోకి చూస్తూ, నెమ్మదిగా అంది. "మా ఇంట్లో కొత్తగా వచ్చినవాడు ఏటన్నాడో తెలుసా? ఇంత మంచి సేప ఎవరూ ఊరికే పంపరు, మీ మేడమే కావాలని నీ సేత పంపించిందన్నాడు. నిజం సెప్పు వదినా. నీకు తెలిసే ఇచ్చినావా?"

"నా పిల్ల మీద ఒట్టు, తెలియదు."

"నీకు తెలీదు సరే. మీ మేడమ్‌కి తెలీదా?"

ఆమె వెళ్ళాక గిన్నెలు కడుగుతూ అదే ఆలోచించాను. ఆ రాత్రి నాలుగు ముద్దలు కూడా తినలేకపోయాను. మేడమ్‌కి మా డబ్బా సంగతి తెలుసు. గేటు మీదుగా అది చేతులు మారడం ఎన్నోసార్లు చూసింది, ఖాళీగా ఎందుకు పంపరని ఒకసారి అడిగింది కూడా, చెప్పాను. నాకిచ్చింది ఏదైనా సగం ఆడపడుచుకి చేరుతుందని తెలిసిన మనిషి. ఇద్దరు మేడములూ స్నేహితులు. ఫోన్ చేసుకోకూడదు, కలుసుకోకూడదు. మూసిన తలుపు, ఫ్రిజ్ ముందు ఆ నిలబడ్డం, "ఈమె చుట్టాలంతా మలేషియాలో" అన్న మాట, అన్నీ వరసగా కళ్ళముందుకి వచ్చాయి. పొరపాటున ఇచ్చిందా? ఏరి ఇచ్చిందా?

మర్నాడు సార్ ప్రయాణం. కొత్తాయన పెట్టెలతో పాటు విమానాశ్రయానికి వెళ్ళాక, మేడమ్ ఒక్కతే ఉన్నప్పుడు చెప్పేశాను. డబ్బా, స్టేషన్, చేప, వెనక వీధి మేడమ్ వాసన చూడడం, ఆడపడుచుని పనికి రావద్దనడం, అన్నీ. కోప్పడుతుందనుకున్నాను. లేదు. టేబుల్ మీద గుడ్డ ముడతలు సరిచేస్తూ ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆమె తిన్నదా?"

"ఎవరు మేడమ్?"

"ఆ ఇంటామె. ఆ చేప తిన్నదా?"

"లేదు. వాసన చూసి పైకి వెళ్ళిపోయిందట."

తల ఊపింది. ఆ మొహంలో బాధ ఉందో, తృప్తి ఉందో నేను పోల్చుకోలేకపోయాను. పాతికేళ్ళుగా మొహాలు చూసి ఆకలి కనిపెట్టే పని నాది. ఆ మొహం మాత్రం నాకు చిక్కలేదు.

"మేడమ్, మా ఆడపడుచు పని పోతుంది. మీరొక్క మాట చెబితే..."

"ఆ ఇంటికి నేను ఫోన్ చెయ్యకూడదు. నువ్వు నాకేమీ చెప్పలేదు. నేనేమీ వినలేదు." అని లేచింది. తలుపు దగ్గర ఆగి, "ఆమెకి ఎంతమంది పిల్లలు?" అంది.

"ఒక్కతే కూతురు. నర్సు చదువుతోంది."

ఆదివారం మేడమ్ చర్చికి వెళ్ళింది. నేను పనిలో చేరాక ఆమె చర్చికి వెళ్ళడం ఎన్నడూ చూడలేదు. సోమవారం ఆడపడుచుకి ఫోన్ వచ్చింది, పనిలోకి రమ్మని. ఆ చర్చిలో పక్క బెంచీలో ఎవరు కూర్చున్నారో నేను అడగలేదు. మేడమ్ చెప్పలేదు.

ఆడపడుచు పొంగిపోతూ మా ఇంటికొచ్చింది. వాళ్ళ సార్ కూడా వెళ్ళిపోయాడట. ఇంట్లో మేడమ్ ఒక్కతే. ఈమెని కూర్చోబెట్టి, తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చిందట. పాసు గడువు పొడిగించడానికి కాగితాలు పంపుతామన్నారట. పట్టుకుపోయిన డబ్బా కూడా తిరిగిచ్చారు. ఖాళీగా కాదు, వాళ్ళ మేడమ్ స్వయంగా చేసిన కేకు పెట్టి మరీ.

"సూసినావా వదినా, ఎంత మంచి మనిషో! 'మీ వదిన బాగుందా? ఈ మధ్య ఏమేం వండుతోంది?' అని ఎంత పేమగా అడిగిందో."

కేకు కోస్తున్న కత్తి పక్కన పెట్టాను. "వండేది అడిగిందా?"

"అడిగితే ఏటి? తిండి గురించి అడగడం తప్పా?"

మా అమ్మాయి కేకు తింటూ అంది. "అత్తా, నువ్వు ఇప్పుడు వాళ్ళకి సోర్స్ అయిపోయావు లా. అందుకే పని ఉంది."

"ఛీ పో! ఏదో సినిమా సూసి మాటాడతావు."

ఆమె నమ్మలేదు. నేను నమ్మాను. ఆ పాసు ఆమె చేతి వంటకి కాదు, నా చేతి డబ్బాకి ఇస్తున్నారు. డబ్బా రాకపోతే ఆమెతో వాళ్ళకేం పని? ఖాళీగా పంపితే నా పట్టింపు పోతుంది. నింపి పంపితే ఏది నింపినా వాళ్ళు చదువుకుంటారు. రాయబారి ఇంటి మాంసం పెడితే అతిథులొచ్చారనుకుంటారు. వట్టి పప్పు పెడితే సార్ ఇంకా రాలేదనుకుంటారు. ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఇకమీదట ఆ డబ్బాలో పెట్టేది చోవా చూ కాంగ్‌లో, నా పొయ్యి మీద, నా డబ్బులతో కొన్న సరుకుతో వండిందే. అరిసెలు, దిబ్బరొట్టె, గుమ్మడి వడియాలు. చదువుకోండి, ఎంత చదువుకుంటారో.

అలా కొన్ని నెలలు గడిచాయి. పాసు వచ్చింది. ఆడపడుచు దాన్ని తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, నా రెండు చేతులూ తన కళ్ళకి అద్దుకుంది. కూతురు ఆసుపత్రిలో శిక్షణకి వెళ్తోంది. టీవీలో ఆ రెండు దేశాల వాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టు చూపించారు, మొహాలు మాత్రం వేరేవైపు.

మొన్న సాయంత్రం అదే స్టేషన్‌లో కలిశాం. డబ్బా ఇచ్చాను. అప్పుడే వచ్చిన రైలు దిగినవాళ్ళు మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు. ఆ సందడిలో అడిగింది ఆడపడుచు, "మీ సార్ ఎప్పుడొస్తాడు వదినా?"

ఆమె మొహంలోకి చూశాను. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మొహం. "నువ్వడుగుతున్నావా, వాళ్ళు అడగమన్నారా?"

ఆమె పెదవులు ముడుచుకుంది. "నానే అడుగుతున్నాను. మీ సార్ వస్తే మా సారూ వస్తాడు గదా. ఒక్క మనిషికి వండి వండి విసుగొస్తంది."

మాట సబబుగానే ఉంది. ఆ పొద్దునే నేను సార్ గది కిటికీలు తీసి, మంచం మీద కొత్త దుప్పటి వేశాను. మేడమ్ చెయ్యమంది.

"ఏమో, నాకు తెలీదు" అన్నాను.

రైలు రాగానే ఎక్కి, కిటికీ పక్కన చోటు చూసుకుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తలుపులు ఇంకా మూసుకోలేదు, అప్పటికే ఫోన్ తీసి ఏదో రాస్తోంది. కూతురికే అయి ఉంటుంది. ఆ వేళకి కూతురు ఆసుపత్రి నుంచి బయల్దేరుతుంది.